తెలుగు పీరియడ్ అంటే గుండె దడ, అతను కనిపించినా గుండె దడ

పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "జూలైలో తెలుగు సార్ పద్యం చెప్పమని నిలబెట్టారు. నోట మాట రాలేదు. గుండె దడదడ కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, చచ్చిపోతానేమో అనిపించింది. క్లాసంతా నవ్వారు. ఆరో తరగతి నుంచి నా పక్కనే కూర్చునే నా ఫ్రెండ్ కూడా నవ్వింది. తర్వాత వారమే తను వేరే బెంచీకి మారిపోయింది. తెలుగు పీరియడ్ వస్తే కడుపు నొప్పి అని చెప్పి బయటికి వెళ్లిపోతున్నాను. ట్యూషన్‌లో ఒక అబ్బాయి మాత్రం 'నాకూ అలాగే అవుతుంది' అన్నాడు. ఇప్పుడు అతను కనిపిస్తే కూడా అదే దడ. ఇది ప్రేమేనా? రాత్రి పదకొండు దాటాక ఇన్‌స్టాలో మాట్లాడుకుంటున్నాం. ఫోటో పంపమంటున్నాడు. అమ్మకు చెప్తే ఫోన్ లాక్కుని ట్యూషన్ మాన్పిస్తుంది. నాకు గుండె జబ్బా? పిచ్చి పడుతోందా?"

తల్లీ, నేను 26 ఏళ్లు ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. మధ్యలో సైకాలజీ చదువుకుని, చివరి పదేళ్లూ పాఠాలతో పాటు పిల్లల కౌన్సెలింగ్ పని కూడా చూశాను. నువ్వు రాసినట్టే, దాదాపు ఇవే మాటలతో, నా ముందు కూర్చుని చెప్పిన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. నీకు పిచ్చి పట్టడం లేదు. గుండె సంగతి డాక్టరు ఒకసారి చూస్తే తేలిపోతుంది, దాని గురించి కింద రాస్తాను. కానీ నువ్వు చెప్పిన లక్షణాలన్నీ భయం వేసిన శరీరం చేసే పనులే.

ఆ రోజు నీ ఒంట్లో ఏం జరిగిందో చెప్తాను. అర్థమైతే సగం భయం తగ్గుతుంది. మెదడులో అమిగ్డలా అని బాదం గింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంటుంది. ప్రమాదం ఉందని దానికి అనిపిస్తే చాలు, ఎదురుగా ఉన్నది పామా, నలభై మంది పిల్లలా అని తేడా చూసే ఓపిక దానికి ఉండదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. పరిగెత్తడానికి వీలుగా గుండె వేగం పెరుగుతుంది. రక్తం కాళ్ల కండరాల వైపు మళ్లుతుంది, అందుకే చేతులు చల్లబడ్డాయి. జీర్ణం కావడం కాసేపు ఆగుతుంది, అందుకే కడుపులో నొప్పి. కాబట్టి నువ్వు చెప్తున్న కడుపు నొప్పి అబద్ధం కాదు, నువ్వు అబద్ధాలకోరువని బాధపడొద్దు. నోరు ఎండిపోతుంది, గొంతు బిగుసుకుంటుంది, వచ్చిన పద్యం కూడా బయటికి రాదు. ఊపిరి గబగబా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాంతో "ఇక చచ్చిపోతాను" అనిపిస్తుంది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. సాధారణంగా పది నిమిషాల్లోపే అది పై అంచుకు చేరి, అక్కడి నుంచి దానంతట అదే దిగుతుంది.

ఇక్కడే నువ్వు ఒక పొరపాటు చేస్తున్నావు. తెలియక చేస్తున్నావు, నీ తప్పు లేదు. భయం పైకెక్కుతున్నప్పుడే గదిలోంచి బయటికి వచ్చేస్తున్నావు. రాగానే హాయిగా ఉంటుంది కదా? ఆ హాయి నీ మెదడుకు చెప్పే పాఠం ఏమిటంటే, "బయటికి వచ్చాం కాబట్టి బతికాం" అని. దాంతో మరుసటి పీరియడ్‌కు భయం ఇంకొంచెం పెద్దదవుతుంది. మొదట పద్యం అంటే భయం, తర్వాత తెలుగు పీరియడ్ అంటే భయం, ఇంకొన్నాళ్లకు బడి అంటేనే భయం. తెలివైన పిల్లలు ఈ దారిలోనే మెల్లగా బడి మానేయడం నేను చూశాను. అందుకే ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్తున్నాను, పీరియడ్ నుంచి బయటికి వెళ్లడం ఆపాలి. ధైర్యం వచ్చాక కూర్చుందాం అనుకోకు. కూర్చుంటూ ఉంటేనే ధైర్యం వస్తుంది.

కూర్చున్నప్పుడు ఏం చేయాలో కూడా చెప్తాను. రెండు పాదాలూ నేలకు ఆనించు. నాలుగు లెక్కపెట్టే వరకు ముక్కుతో గాలి పీల్చు, ఏడో ఎనిమిదో లెక్కపెట్టే వరకు నెమ్మదిగా వదులు. వదలడమే ముఖ్యం, ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. నాడి మీద వేలు పెట్టి చూసుకో, నీకే తెలుస్తుంది. పదిసార్లు చేసేసరికి రెండు నిమిషాలు గడిచిపోతాయి. పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. దీన్ని ముందు ఇంట్లో, టెన్షన్ లేనప్పుడు, రోజూ రాత్రి పడుకునే ముందు చేసి అలవాటు చేసుకో. ఈత నేర్చుకునేది వరద వచ్చిన రోజు కాదు కదా.

పద్యం సంగతి మెట్లుగా చేద్దాం. మొదటి రెండు మూడు రోజులు తలుపు వేసుకుని ఒక్కదానివే గట్టిగా చదువు. తర్వాత తమ్ముడి ముందో అమ్మమ్మ ముందో నిలబడి చదువు. తర్వాత ట్యూషన్‌లో ఒకరి ముందు. ఆ తర్వాత సార్ దగ్గరికి స్టాఫ్ రూమ్‌కి వెళ్లి ఆయన ఒక్కరికే అప్పజెప్పు. అది అయ్యాక క్లాసులో కూర్చున్న చోటే పద్యంలోని రెండు పాదాలు చదువు, చివరికి నిలబడి పద్యమంతా. ఒక్కో మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా ఆగు, తర్వాతే పై మెట్టు. సార్‌కి నోటితో చెప్పలేకపోతే చీటీ రాసివ్వు. "సార్, నిలబడి చదవాలంటే నాకు చాలా భయంగా ఉంటోంది. నేర్చుకుంటున్నాను. మూడు వారాలు నన్ను నిలబెట్టకండి, ముందు మీ దగ్గరికి వచ్చి అప్పజెప్తాను" అని రాస్తే చాలు. ఇలాంటి చీటీలు నాకు చాలా వచ్చాయి. ఒక్కటి చదివి కూడా నాకు కోపం రాలేదు, నన్ను నమ్మి రాసిందే అని ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

క్లాసంతా నవ్వారని రాశావు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో చేసిన ఒక పరిశోధన 2000 సంవత్సరంలో అచ్చయింది. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీ షర్ట్ తొడిగి నలుగురు కూర్చున్న గదిలోకి పంపేవారు. గదిలో సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది దాదాపు నాలుగోవంతు మందే. నీ వయసులో ఈ లెక్క ఇంకా ఎక్కువ తప్పుతుంది, అందరూ మననే చూస్తున్నట్టు ఉంటుంది. ఆ జూలై రోజు నీ బెంచీ వెనక కూర్చున్న పిల్లలను ఇప్పుడు అడిగితే చాలామందికి అది గుర్తే ఉండదు.

కానీ ఒక్క నవ్వు మాత్రం నీ లెక్కలో తప్పు కాదు. నీ ఫ్రెండ్ నవ్వు. అది నిజంగా జరిగింది, నిజంగానే తగిలింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పద్యం గురించి, అబ్బాయి గురించి ఎక్కువ రాశావు. ఆమె గురించి రెండే వాక్యాలు రాశావు. నా అనుభవంలో పిల్లలు తక్కువ మాటలు రాసే చోటే నొప్పి ఎక్కువ ఉంటుంది. నువ్వు అడిగింది భయం గురించి, ప్రేమ గురించి. నాకు కనిపిస్తున్న అసలు దెబ్బ మాత్రం స్నేహానిది. నాలుగేళ్లుగా ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా, బడి నుంచి ఇంటికి ఒకే దారి. అలాంటి మనిషి పక్కన లేకపోతే క్లాసే పరాయి ఊరిలా ఉంటుంది. పరాయి ఊళ్లో ఎవరికైనా భయం ఎక్కువే వేస్తుంది.

పెద్దవాళ్లు ఈ బాధను చిన్నచూపు చూస్తారు. "ఫ్రెండే కదా, ఇంకొకరు దొరుకుతారు" అంటారు. నేను అలా అనను. పదిహేనేళ్ల పిల్లకు ప్రాణ స్నేహితురాలు దూరమవడం చాలా పెద్ద నష్టం. దానికి ఏడుపు వస్తే ఏడువు.

ఆ తర్వాత ఆమెతో ఒక్కసారి మాట్లాడు. వాట్సాప్‌లో వద్దు, అందరి ముందు వద్దు, భోజనం బెల్లు కొట్టాక తన కొత్త గుంపు దగ్గరికి వెళ్లి అసలే వద్దు. బడి వదిలాక సైకిల్ స్టాండ్ దగ్గరో, ఇంటి దారిలోనో పట్టుకో. నిందతో మొదలు పెట్టకు. "నువ్వు మారిపోయావు" అంటే ఆమె "నేనేం మారలేదు" అంటుంది, మాట అక్కడే తెగిపోతుంది. నీకేం అయిందో చెప్పు. "ఆ రోజు నాకు ఊపిరి ఆడలేదే. నీ వైపు చూశాను. నువ్వు నవ్వుతున్నావు. అప్పటి నుంచి నీతో ఎలా మాట్లాడాలో తెలియడం లేదు." ఇంతే చెప్పి ఆగు. ఆమెను మాట్లాడనివ్వు.

మూడు రకాల జవాబులు రావచ్చు. "అయ్యో, నీకు అంత బాధేసిందని తెలియదే" అనవచ్చు. పిల్లలు చాలాసార్లు కంగారులో నవ్వుతారు, పక్కవాళ్లు నవ్వితే నవ్వుతారు, అందులో పగ ఉండదు. లేదా నీ మీదే ఏదో పాత కోపం చెప్పవచ్చు. అది విను, నిజం ఉంటే ఒప్పుకో. లేదా ముఖం తిప్పుకుని వెళ్లిపోవచ్చు. అలా వెళ్లిపోతే చాలా నొప్పిగా ఉంటుంది, కానీ ఐదు నెలలుగా "ఎందుకు, ఎందుకు" అని తిరుగుతున్న నీ మనసుకు ఒక జవాబు దొరుకుతుంది. రెండోసారి బతిమాలకు. మీ క్లాసులో చివరి బెంచీలో ఒంటరిగా తినే అమ్మాయి ఒకరైనా ఉంటుంది, ప్రతి క్లాసులో ఉంటుంది. రేపు నీ డబ్బా తీసుకుని ఆమె పక్కన కూర్చో. ప్రాణ స్నేహం కోసం కాదు, పప్పన్నం కోసమే. మిగతాది దానంతట అది వస్తే వస్తుంది.

ఇప్పుడు అబ్బాయి సంగతి. అతను కనిపిస్తే దడ రావడం తప్పు కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. నీ వయసులో రాకపోతేనే వింత. కానీ "ఇది ప్రేమేనా" అని అడిగావు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. డటన్, ఆరన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో చేసిన ఒక ప్రయోగం 1974లో అచ్చయింది. లోతైన లోయ మీద ఊగిసలాడే వేలాడే వంతెన ఒకటి, దగ్గర్లో గట్టి వంతెన ఒకటి. రెండు చోట్లా దాటుతున్న మగవాళ్లను ఒక యువతి కొన్ని ప్రశ్నలు అడిగి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబర్ ఇచ్చింది. ఊగే వంతెన మీద ఆమెను కలిసినవాళ్లే ఎక్కువ మంది తర్వాత ఫోన్ చేశారు. వంతెన భయంతో పుట్టిన దడను వాళ్ల మనసు ఆమె వల్ల వచ్చిన దడ అనుకుందని ఆ పరిశోధకులు చెప్పారు.

నువ్వు జూలై నుంచి ఊగే వంతెన మీదే నిలబడి ఉన్నావు తల్లీ. ఆ సమయంలో ఒక్కడు "నాకూ అలాగే అవుతుంది" అన్నాడు. అది మంచి మాట. ఆ మాట నీ ఫ్రెండ్ అనాల్సింది, అతను అన్నాడు. ఖాళీ అయిన చోటులో అతను వచ్చి నిలబడ్డాడు. నీ ఇష్టం అబద్ధం అని నేను అనడం లేదు. అందులో ఎంత భయం, ఎంత ఒంటరితనం, ఎంత నిజంగా అతను అన్నది ఇప్పుడు తేల్చలేం అంటున్నాను. వంతెన దిగాక చూడాలి. అందుకే ఇప్పుడు అతనికి అవుననీ కాదనీ చెప్పే పని పెట్టుకోకు. "పరీక్షలు అయ్యేదాకా నేను ఏమీ చెప్పలేను" అనడం కూడా జవాబే.

ఫోటో మాత్రం పంపొద్దు. మామూలు ఫోటోనే కదా అనిపిస్తుంది. అతను చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. కానీ పంపిన క్షణం నుంచి అది నీ చేతిలో ఉండదు, అతని ఫోన్ అతని స్నేహితుల చేతుల్లోకి వెళ్తుంది, మామూలు ఫోటోలను మార్చి పాడు చేసే యాప్‌లు ఇప్పుడు ఎవరి చేతిలోనైనా ఉన్నాయి. "ఫోటో పంపను" అని చెప్పి, తర్వాత అతను ఏం చేస్తాడో చూడు. "సరే" అని మామూలుగా లెక్కల గురించి మాట్లాడాడంటే అతని మీద నాకు కూడా మంచి అభిప్రాయం కలుగుతుంది. అలిగి, "నమ్మకం లేదా" అని, "అందరూ పంపుతారు" అని రోజూ అడిగాడంటే నీ దడ ప్రేమ వల్ల కాదు, ఒత్తిడి వల్ల. ఎవరైనా ఎప్పుడైనా ఫోటోతో బెదిరిస్తే మెసేజ్‌లు చెరిపేయకు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్. తెలంగాణలో ఆడపిల్లల రక్షణ కోసం ఉన్న పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఇలాంటివే చూస్తున్నాయి. బెదిరించినవాడిదే నేరం, నీది కాదు.

చట్టం సంగతి కూడా నీకు ఎవరూ చెప్పి ఉండరు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం లెక్కలో 18 నిండని వాళ్లంతా పిల్లలే. స్నేహం, ఇష్టం, మాట్లాడుకోవడం నేరం కాదు. కానీ ముట్టుకోవడం దాకా వెళ్తే, ఇద్దరికీ ఇష్టమే అన్న మాట ఆ చట్టం ముందు నిలవదు. అతనికీ ఇది తెలిసి ఉండాలి, అతని చదువూ అతని ఇల్లూ ఉన్నాయి.

రాత్రి మాటలు ఆపేయమని చెప్పడానికి నా కారణం ప్రేమ కాదు, నిద్ర. నీ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పన్నెండింటికి పడుకుని, పొద్దున్నే స్టడీ అవర్‌కి లేచే పిల్లకు భయం రెట్టింపు అవుతుంది. తొమ్మిదిన్నరకు ఫోన్ వంటగదిలో ఛార్జింగ్ పెట్టేయ్. చదువు కోసం రాత్రిపూట టీ తాగుతుంటే అది కూడా మానెయ్, దడకు అది తోడవుతుంది.

ఇక డాక్టరు. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి గుండె విని చూడమను, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అడుగు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే మెట్లెక్కినా దడే, నిలబడితే కళ్లు తిరుగుతాయి, భయం లేకపోయినా భయం వేసినట్టే ఉంటుంది. భయంతో వణుకుతోందని నా దగ్గరికి తీసుకొచ్చిన ఒక తొమ్మిదో తరగతి పిల్లకు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది. 12కి తగ్గకుండా ఉండాలి. మూడు నెలలు మందు వాడాక ఆ పిల్ల వేరే మనిషి అయింది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు కిటికీలోంచి పారేయడం నాకు తెలుసు. పారేయకు. అన్నం తిన్నాక వేసుకో, టీతో కలిపి మాత్రం వద్దు, ఉసిరికాయో నిమ్మకాయో తింటే ఇంకా మంచిది.

అమ్మకు చెప్పడానికి దారి కూడా ఇదే. అబ్బాయితో మొదలు పెట్టకు, ఒంటితో మొదలు పెట్టు. "అమ్మా, నాలుగైదు నెలలుగా గుండె దడగా ఉంటోంది, డాక్టరుకు చూపించు" అను. ఆస్పత్రి దారిలో పద్యం సంగతి చెప్పు, ఫ్రెండ్ సంగతి చెప్పు. మిగతాది ఆమె ఎలా విన్నదో చూసి నీకు వీలైనప్పుడు చెప్పు. కానీ ఎవరైనా నిన్ను ఇబ్బంది పెడుతుంటే మాత్రం ఆగకుండా ఆ రోజే చెప్పాలి.

ఈ సలహా నేను ఊరికే ఇవ్వడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక అమ్మాయి పుస్తకంలో అబ్బాయి రాసిన ఉత్తరం దొరికితే, ఆ పిల్లను ఒక్క మాట అడగకుండా వాళ్లమ్మను పిలిపించి చేతిలో పెట్టాను. నా బాధ్యత చేశాననుకున్నాను. మరుసటి వారం నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. ఏడాది తిరగకుండా పెళ్లి చేశారు. ఆ ఉత్తరానికి ఆమె జవాబు కూడా ఇవ్వలేదని తర్వాత ఆమె స్నేహితురాలు చెప్పింది. ఆ తర్వాత నేను ఏ పిల్ల విషయంలోనూ ముందు ఆ పిల్లను వినకుండా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇది చదువుతున్న తల్లులు ఎవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. మీ అమ్మాయి నోరు తెరిచిన రోజున మొదట ఫోన్ లాక్కోకండి. పది నిమిషాలు వినండి. ఆ రోజు ఫోన్ లాక్కుంటే రేపు ఆ పిల్ల చెప్పడం మానేస్తుంది కానీ చేయడం మానేయదు.

ఒక్క మాట స్పష్టంగా అడగాలి. "చచ్చిపోతానేమో" అని రాశావు. భయంలో ప్రాణం పోతుందేమో అనిపించడం వేరు, బతకాలని లేకపోవడం వేరు. మొదటిది పానిక్, అది దిగిపోతుంది. రెండోది ఎప్పుడైనా, ఒక్క నిమిషమైనా అనిపిస్తే, లేదా రెండు వారాలుగా తిండి, నిద్ర, దేని మీదా ఆసక్తి లేకపోతే, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పాలి, 14416కి ఫోన్ చేయాలి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలు పెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. మామూలు టెన్షన్‌కు కూడా చేయొచ్చు. అమ్మ ఫోన్ నుంచైనా చెయ్యి.

ఈ వారం నీకు రెండే పనులు. రక్త పరీక్ష చేయించుకో, తెలుగు పీరియడ్‌లో చివరి బెల్లు దాకా కూర్చో. పద్యం చెప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు. హిమోగ్లోబిన్ పక్కన ఏ అంకె వచ్చిందో, పీరియడ్‌లో ఎన్నో నిమిషానికి దడ తగ్గిందో రాసి నాకు పంపు. ఫ్రెండ్‌తో ఏం మాట్లాడాలో ఆ తర్వాత ఇంకోసారి కలిసి చూసుకుందాం.